బోర్లించిన పలక

ఫిబ్రవరి 3, 1824. పునీత బ్లాస్ పండుగ

ఇవాళ గొంతుల ఆశీర్వాదం. దోన్ లౌరియానో రెండు కొవ్వొత్తులు అడ్డంగా పట్టుకుని నా గొంతుకి ఆనించి ప్రార్థన చెప్పారు. తర్వాత, "మీ గొంతుకి జబ్బేమైనా ఉందా, దోన్యా బాసిలిసా? వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, మీ మాట వినబడితే ఒట్టు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

గొంతు బాగానే ఉంది. మాట్లాడే మనిషే లేడు. అందుకే ఈ కాగితాలు.

తమ్ముడు యుతీమియోని కొండల్లో ఉన్న మఠానికి తీసుకెళ్ళి రెండు నెలలు దాటింది. ఈ మొరాలెద ఊరి గుడికి ఇరవై ఎనిమిదేళ్ళు గురువుగా ఉన్నవాడు, ఇప్పుడు సన్యాసుల మధ్య ఒక గదిలో తపస్సు చేస్తున్నాడట. తపస్సు అన్న మాట గురువులందరికీ పెద్ద అయిన మేత్రాణులవారిది. గది తాళం బయటి నుంచి వేస్తారని పెట్టె మోసినవాడు చెప్పాడు. తమ్ముడికి చలి పడదు. ఆయాసం.

అతని గదిలో, అతని మంచం మీద, కొత్త గురువు దోన్ లౌరియానో పడుకుంటున్నారు. గురువు ఎవరైనా వండిపెట్టే మనిషి కావాలి కాబట్టి నన్ను ఇంట్లో ఉండనిచ్చారు. దేవుడి దయ.

తమ్ముడు చేసిన తప్పు స్పెయిన్ దేశంలో గురువులందరూ చేసిందే. నాలుగేళ్ళ క్రితం రాజుగారు తన అధికారానికి హద్దులు ఒప్పుకుంటూ రాజ్యాంగం మీద ప్రమాణం చేశారు. ఆదివారం పూజలో గురువులు దాన్ని జనానికి విప్పి చెప్పాలని హుకుం వచ్చింది. మిగతావాళ్ళు దగ్గుతూ చదివారు. వీడు బాగా చదివాడు. పోయిన అక్టోబరులో రాజుగారు మళ్ళీ సర్వాధికారి అయ్యారు. ఆ మూడేళ్ళలో జరిగిందేదీ జరిగినట్టు కాదని శాసనం వేశారు. జరగని మూడేళ్ళకి తమ్ముడు శిక్ష అనుభవిస్తున్నాడు.

రాజుగారి తప్పు లేదు. ఆయనకి చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్పరు. రోజూ జపమాలలో ఒక పది ఆయన కోసమే చెబుతున్నాను.

ఊరి నడుమ చౌకులో గుడి గోడకి ఉన్న రాజ్యాంగం రాతి పలక కూడా అక్టోబరులోనే మాయమైంది. ఏమైందో దేవుడికే తెలుసు.


ఫిబ్రవరి 11

దోన్ లౌరియానో మంచివారు. మోకాళ్ళ నొప్పులు. వెల్లుల్లి చారు ఇష్టం, మిరప పడదు. పొద్దున చిక్కటి చాక్లెట్‌లో రొట్టె ముంచుకుంటూ, "నేను పనిచేసిన ఏ ఊళ్ళోనూ ఇంత మెత్తటి రొట్టె తినలేదండీ. ఏం కలుపుతారు ఇందులో?" అన్నారు.

"ఏమీ లేదండీ. పలక చల్లగా ఉంటుంది. పిండి బాగా సాగుతుంది."

తల ఊపి ఇంకో ముక్క తీసుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "రాజ్యాంగం పలక దొరికితే మీ తమ్ముడికి మంచిది. ఆయనే దాచాడని అందరూ అనుకుంటున్నారు. చదివినవాడు హుకుం వచ్చింది కాబట్టి చదివాననొచ్చు. దాచినవాడు ఏమంటాడు? అది మళ్ళీ తిరిగొస్తుందని ఆశ ఉన్నవాడే దాస్తాడు. ఈ రోజుల్లో ఆశ పెద్ద నేరం" అన్నారు.

నేను గిన్నెలు తీశాను.


ఫిబ్రవరి 12

ఆయన నన్ను అడగలేదు. నేను తెలియదు అనలేదు. అబద్ధమేమీ ఆడలేదు.


మార్చి 3. విభూతి బుధవారం

నుదుటి మీద బూడిదతో ఊరి అధ్యక్షుడు దోన్ గుమెర్సిందో నేరుగా వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మనిషి లావు, దిగులు ఇంకా లావు.

"అమ్మా బాసిలిసా, నా అవస్థ చూడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వాళ్ళ పలకలు పగలగొట్టి మెప్పు కొట్టేశారు. ఒక ఊరివాళ్ళయితే ముక్కల్ని గాడిద తోకకి కట్టి ఈడ్పించారట! మన ఊళ్ళో పగలగొట్టడానికి పలకే లేదాయె. పగలగొట్టని ఊరంటే దాచుకున్న ఊరని పైవాళ్ళ లెక్క. నేనెక్కడ చావను?"

"పలక పెట్టిన రోజు మీరు కూడా ఉన్నారు కదండీ," అన్నాను.

"ఎవరు? నేనా?"

"మీరే తెర లాగారు."

"తెర లాగింది గాలి," అన్నాడు. కుర్చీలో కదిలి, "ఆ రోజు గాలి చాలా ఎక్కువగా ఉంది" అన్నాడు.

వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పాడు. బ్రౌలియో దళం మనుషులు అనుమానం ఉన్న ఇళ్ళన్నీ వెతుకుతారట. ఈ ఇల్లు కూడా. "గురువుగారున్న ఇల్లు కదా, ఊరికే చూసి పోతార్లే. ఏదైనా ఉంటే నాకు ముందే చెప్పు."


మార్చి 8

వెతికారు.

బ్రౌలియో కమ్మరి. ఇప్పుడు రాజభక్త స్వచ్ఛంద దళానికి నాయకుడు. టోపీ మీద "సర్వాధికారి రాజుకు జయం" అని ఎర్ర రిబ్బను కుట్టించుకున్నాడు. అక్షరాలు రావు, అందుకే రిబ్బను తలకిందులుగా ఉంది. చెప్పాలనిపించలేదు. వాడికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఏడుస్తుంటే ఎత్తుకున్నది నేనే.

నూనె జాడీలు, పరుపు, కట్టెల గది, పావురాల గూడు అన్నీ చూశారు. చివర వంటింట్లోకి వచ్చి తుపాకీ గోడకి ఆనించి, "అక్కా, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు" అన్నాడు. రొట్టె కోసి ఇచ్చాను. పిండి పలక మీద మోచెయ్యి ఆనించుకుని తిన్నాడు. రాలిన ముక్కలు కూడా ఏరుకుని నోట్లో వేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక తలుపు గడియ వేశాను.

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? పలక నా దగ్గరే ఉంది. అక్షరాల వైపు కిందికి బోర్లించి, పాత చెక్కబల్ల మీద వేసి, దాని మీదే రోజూ పిండి కలుపుతున్నాను.

అక్టోబరులో రాజభక్తుల దండు వస్తోందని కబురు అందింది. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్న వేళ. తమ్ముడు పొలాల అవతల ఎవరికో కడసారి ప్రార్థన చెప్పడానికి వెళ్ళాడు. రాళ్ళ పనివాడు కిరీకో వచ్చి, "దోన్యా, నా చేత్తో చెక్కాను. వెధవలు సుత్తులతో కొడతారు. చూడలేను" అన్నాడు. ఇద్దరం కలిసి అతని బండి మీద ఇక్కడికి తెచ్చాం. తమ్ముడు తిరిగొచ్చేసరికి గోడ ఖాళీ. దండువాళ్ళే తీసుకుపోయారనుకున్నాడు. ఈ రోజుకీ అతనికి తెలియదు.

కిరీకో దాచింది తన చేతి పని కోసం. నేను దాచింది రాజ్యాంగం కోసం కాదు. నాకు దాని మీద ప్రేమ లేదు. రాజు తండ్రిలాంటివాడు, తండ్రికి హద్దులు గీసే బిడ్డలుంటారా అని తమ్ముడితో ఎన్నిసార్లు వాదించానో. వాడు నవ్వి, "అక్కా, పోపుగారు కూడా ఒకరి ముందు మోకరించి పాపాలు చెప్పుకోవాలి. ఎవరికీ జవాబు చెప్పక్కరలేని మనిషి భూమి మీద ఉండకూడదని మన మతమే అంటోందిగా. రాజుకి మాత్రం ఎందుకు మినహాయింపు?" అనేవాడు. నాకు జవాబు తోచేది కాదు. కోపం మాత్రం వచ్చేది.

అన్ని ఊళ్ళ పలకల మీదా "రాజ్యాంగ చౌకు" అని ఒక్క ముక్కే ఉంటుందట. తమ్ముడు మాత్రం పైన ఇంకో రెండు వరుసలు చెక్కించాడు. మొదటి వరుస: సర్వశక్తుడైన దేవుని నామమున.

దేవుడి పేరు మీద సుత్తి దెబ్బ పడుతుందని తెలిసీ ఎలా ఊరుకోను? అంతే. అందుకే తెచ్చాను. ఈ మాట ఎవరు నమ్ముతారు?


మార్చి 19. పునీత జోసెఫ్ పండుగ

తమ్ముడి దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. చలి తగ్గింది. అక్కడ కూడా తగ్గే ఉంటుంది.


ఏప్రిల్ 10

రేపు మ్రానికొమ్మల ఆదివారం. ఊళ్ళో ప్రతి మనిషీ ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండుగలోపు గురువుకి పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేసి, పూజలో సత్ప్రసాదపు అప్పం తీసుకుని, చేసినట్టు చీటీ పుచ్చుకోవాలి. చీటీ లేనివాళ్ళ పేర్లు పండుగ తర్వాత గుడి తలుపుకి అంటిస్తారు. యాభై ఏళ్ళలో నా చీటీ ఎన్నడూ ఆలస్యం కాలేదు. ఎప్పుడూ తమ్ముడి దగ్గర కాకుండా, పైఊరి నుంచి వచ్చే ముసలి సన్యాసి దగ్గర చెప్పుకునేదాన్ని. ఈ ఏడు ఆయన రాలేదు. ఒక్కరే ఉన్నారు. పొద్దున నా చేతి రొట్టె తిన్నవారే పాపసంకీర్తనపు చెక్క జాలీ అవతల కూర్చున్నారు.

చెప్పవలసినవన్నీ చెప్పాను. కోపం, అసూయ, పూజలో నిద్ర. ఆగాను.

"ఇంకా?" అన్నారు.

"ఇంతేనండీ."

"ఆ పలక గురించి ఏమైనా తెలుసా?"

అది పాపమైతే చెప్పాలి. దేవుడి పేరు కాపాడటం పాపమా? పాపం కానిది చెప్పక్కరలేదు. కాని గురువు అడిగితే? నోరు తెరిచాను. మూసేశాను.

జాలీ అవతల ఆయన ముందుకి వంగారు. తర్వాత ఆయన గొంతు దాదాపు నా గొంతంత చిన్నగా వినిపించింది. "మీరు సిద్ధంగా లేరు. మళ్ళీ రండి."

లేచి వచ్చేశాను. రాత్రి వంటకి ఎండు చేప నానబెట్టాను.


ఏప్రిల్ 18. పాస్కా

సత్ప్రసాదానికి అందరూ వెళ్ళారు. నేను స్తంభం వెనక ఉండిపోయాను.

బయటికి వచ్చాక పక్కింటి కసీల్దా నా చెయ్యి పట్టుకుని, "ఏంటే, నీకు పాపవిమోచనం ఇవ్వలేదా? మరి నాకెలా ఇచ్చాడు? కోడల్ని తిట్టిన తిట్లు చెప్పేసరికే వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు!" అంది. డెబ్బై ఏళ్ళ మనిషి, అక్షరం ముక్క రాదు, సిగ్గు అంతకన్నా లేదు. నేను నవ్వబోయి ఏడ్చాను. కసీల్దా చెయ్యి వదలకుండా ఇంటిదాకా వచ్చింది.


ఏప్రిల్ 25

తలుపు మీద పేర్లు అంటించారు. నా పేరు లేదు. దోన్ లౌరియానో నన్ను వదిలేశారు. కృతజ్ఞత చెప్పబోతే, "గడువు పెంచాను, అంతే" అన్నారు.

దయ కూడా తాడే. కాస్త మెత్తటి తాడు.


ఏప్రిల్ 29

గుమెర్సిందోకి ఉపాయం తట్టింది. పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"పలక లేకపోతే ఏం? కొత్తది చెక్కిద్దాం!"

దోన్ లౌరియానో చాక్లెట్ గిన్నె దించి, "దేనికి?" అన్నారు.

"పగలగొట్టడానికి! మే ముప్పై రాజుగారి పేరు పండుగ, ఆయన పేరున్న పునీతుడి రోజు. చౌకులో బాజాలు పెట్టించి, బ్రౌలియో చేత నాలుగు దెబ్బలు వేయించి, ముక్కలు ఎడ్లబండి మీద ఊరేగిద్దాం. పాతదే దొరికిందని రాసి పంపుదాం. దాచినవాడు లేడు, దాచింది లేదు. దోన్ యుతీమియో మీద మచ్చ కూడా పోతుంది. ఏమంటావు, అమ్మా?"

తమ్ముడి మచ్చ పోతుంది. గరిటె పక్కన పెట్టాను.

"రాళ్ళపని కిరీకోకి చెప్పారా?" అన్నాను.

"చెప్పాను. వాడు నవ్వు ఆపుకోలేక పొలమారి చచ్చేవాడు. ఎందుకో మరి."


మే 5

గుమెర్సిందో కాగితం, బొగ్గు తెచ్చిచ్చాడు. కిరీకోకి చదువు రాదు, గీసింది గీసినట్టు చెక్కుతాడు. అప్పట్లో గీసిచ్చింది తమ్ముడు. ఇప్పుడు నేను గియ్యాలి.

"మీరు చదివే ఉంటారు కదండీ," అన్నాను.

"నేనా? ఆ రోజు జనం వైపు తిరిగి ఉపన్యాసం చెబుతున్నాను. పలక నా వీపు వెనక ఉంది."

బల్ల మీద కాగితం పరిచాను. కింద పలక, పలక మీద కాగితం. మొదటి వరుస రాయడానికి బొగ్గు ఎత్తాను. ఒక పలకని సుత్తి నుంచి తప్పించి, ఇంకో పలక మీద అదే పేరు సుత్తి కోసం నేనే రాసివ్వనా? చెయ్యి కదలలేదు.

రెండో వరుసలో దేవుడి పేరూ రాజుగారి పేరూ రెండూ ఉన్నాయి. అదీ రాయలేదు.

చివరి వరుస ఒక్కటే గీశాను. రాజ్యాంగ చౌకు. అన్ని ఊళ్ళలోనూ అంతే ఉంటుందిగా. అబద్ధం రాయలేదు. కొంత రాయలేదు, అంతే.

చాలా రోజుల తర్వాత బాగా నిద్రపట్టింది.


మే 24

క్షమాపణ శాసనం వచ్చింది! గుడి మెట్ల మీద నిలబడి గుమెర్సిందో చదివాడు. ఆ మూడేళ్ళలో చేసినవాటికి రాజుగారు అందరినీ క్షమించారట. తర్వాత ఎవరెవరిని క్షమించలేదో చదవడం మొదలుపెట్టాడు. కసీల్దా కాళ్ళు నొప్పెట్టి కూర్చుండిపోయింది. "అందరినీ క్షమించాడు, నిన్నూ నన్నూ తప్ప" అంది.

నవ్వొచ్చింది. మినహాయింపుల్లో గుడిలో చదివిన గురువుల మాట లేదు. తమ్ముడు వస్తాడు. అతని చలికోటు ఎండలో వేశాను.


మే 26

కోటు లోపల పెట్టేశాను.

కొత్త పలక కిరీకో కొట్టాంలో తయారుగా ఉంది. దోన్ లౌరియానో చూడటానికి వెళ్ళి వచ్చారు. మోకాలు పట్టుకుని మెట్లు ఎక్కి, నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మొహం పాలిపోయి ఉంది.

"మీరు గీసింది అంతేనా? పైన ఇంకేమీ లేదా?"

"ఎందుకండీ?"

"మీ తమ్ముడు విచారణలో సువార్త గ్రంథం మీద చెయ్యి వేసి ఒక మాట చెప్పాడు. ఆ పలకని దేవుడి ఇంటి గోడకి పెట్టడానికి ఒప్పుకున్నది దాని మొదటి వరుస దేవుడి పేరు కాబట్టేనని. ఆయన తన కోసం చెప్పుకున్నది అదొక్కటే. మీరు గీసినదాంట్లో ఆ వరుస లేదు. అక్క కంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

గోడ పట్టుకున్నాను.

"రాజుగారి క్షమాపణ రాజ్యాంగం చదివినందుకు వర్తిస్తుంది. దొంగ ప్రమాణానికి వర్తించదు. మేత్రాణులవారు నన్ను సాక్ష్యం అడిగారు. నేను చూసింది రాయాలి. ఆఫ్రికా ఒడ్డున ఖైదీల కోట ఉంది, అక్కడికి పంపుతారు. ఆ ఆయాసంతో..." ఆగిపోయారు. "దోన్యా బాసిలిసా, మీకు గుర్తున్నది అంతేనా?"

"గుర్తున్నంత వరకు," అన్నాను.

ఎందుకన్నాను? భయం. వేరే కారణం వెతకను.

పండుగ మర్నాడు, సోమవారం టపా వెళ్తుంది. అందులో ఆయన సాక్ష్యం వెళ్తుంది.


మే 27

పలక తిప్పి చూపిస్తే తమ్ముడి ప్రమాణం నిజమవుతుంది. కాని పలక అతని ఇంట్లోనే దొరికినట్టవుతుంది. తిప్పకపోతే అతను దొంగ ప్రమాణం చేసిన గురువు. ఎటు తిరిగినా గోడే.

పలక తీసుకెళ్ళి బావిలో పడేద్దామనుకున్నాను. ఒంటరిగా అంగుళం కూడా కదపలేకపోయాను.


మే 29

పిండి కలిపాను. కలుపుతుంటే తెలిసింది. దేవుడి పేరు దెబ్బ తినకూడదని దాన్ని మొదట గోడ మీద నుంచి తీశాను. తర్వాత కాగితం మీద నుంచి తీశాను. ఇప్పుడు తమ్ముడి ప్రమాణంలోంచి కూడా తీసేశాను. ఇంతకీ కాపాడింది ఏమిటి?


మే 30. రాజుగారి పేరు పండుగ, ఆదివారం

చాలా పొద్దుపోయింది. అయినా అంతా రాస్తాను.

పొద్దున దోన్ లౌరియానోకి చాక్లెట్ పోసి, రొట్టె పెట్టి, ఎదురుగా నిలబడ్డాను. "కిరీకో చెక్కింది ఆ పలక కాదండీ. అసలు పలక ఇక్కడే ఉంది. మీరు రోజూ తినే రొట్టె దాని మీద కలిపిందే."

ఆయన చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది. గబుక్కున లేచి, "ఆగండి, ఇంకేమీ చెప్పకండి. పాపాలు వినేటప్పుడు వేసుకునే ఊదా పట్టీ మెడలో వేసుకోనివ్వండి. మోకరించండి. పాపసంకీర్తనంగా చెప్పండి. అప్పుడు ప్రాణం పోయినా నేను బయటపెట్టకూడదు. మీకూ మంచిది, నాకూ మంచిది" అన్నారు.

నాలుగు నెలలుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నాను. ఇప్పుడు వచ్చింది. మోకాళ్ళు వాటంతటవే వంగబోయాయి.

"వద్దండీ," అన్నాను. "ఇది పాపసంకీర్తనం కాదు. మీరు ఎవరికైనా చెప్పాలనే చెబుతున్నాను. దాచింది నేను. నా తమ్ముడికి తెలియదు. అతను చేసిన ప్రమాణం నిజం. తిప్పి చూడండి."

ఆయన కూర్చుండిపోయారు. "నేను కూడా రాజ్యాంగం చదివాను, తెలుసా" అన్నారు. "మా పాత ఊళ్ళో. మూడు ఆదివారాలు జ్వరమని తప్పించుకున్నాను. నాలుగో ఆదివారం చదివాను. ఎవరూ గుర్తుపెట్టుకోకుండా చదివాను." తర్వాత కిటికీ తెరిచి కేకేశారు. "బ్రౌలియో! ఇద్దరు మనుషుల్ని తీసుకుని రా!"

చౌకులో బాజాలు మోగుతున్నాయి. గోడకి ఆనించి కొత్త పలక, దాని మీద ఎర్ర గుడ్డ. బ్రౌలియో మనుషులు నా పలకని మోసుకొచ్చి పక్కన నిలబెట్టారు. అంచుల్లో ఎండిన పిండి. బాజాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఇదేంటి, రెండు ఉన్నాయి?" అన్నాడు గుమెర్సిందో.

"ఇది అసలుదండీ," అన్నాను. "నా వంటింట్లో ఉంది. నేనే దాచాను."

"ఎవరు మోశారు? నువ్వొక్కదానివే ఎత్తలేవు."

కిరీకో ఉలి వైపు చూస్తూ దగ్గాడు.

"అది చెప్పను," అన్నాను.

నా జీవితంలో ఒక మగవాడికి ఆ మాట చెప్పడం అదే మొదలు. గుమెర్సిందో వెనక్కి తిరిగి ఎవరైనా విన్నారా అని చూశాడు.

బ్రౌలియో సుత్తి ఎత్తాడు. ఎత్తి ఆగాడు. "అక్కా, దీని మీద ఏం రాసుంది? తెలియకుండా ఎలా కొట్టను?"

చదవడం మొదలుపెట్టాను. "గట్టిగా, గట్టిగా" అని వెనక నుంచి అరిచారు. కసీల్దా వాళ్ళ వైపు తిరిగి, "ఆవిడ అంతకంటే అరవలేదర్రా! మీరే నోళ్ళు మూసుకోండి!" అంది. మూసుకున్నారు.

"సర్వశక్తుడైన దేవుని నామమున," అని చదివాను.

ముందు బ్రౌలియో టోపీ తీశాడు. తర్వాత అందరూ తీశారు. సుత్తి మెల్లగా నేల మీదికి దిగింది.

"నేను కొట్టను," అన్నాడు. "నాకు నరకం వద్దు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి." సుత్తి చాచాడు. పక్కవాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అతని పక్కవాడు కూడా.

"మొదటి వరుస వదిలేసి రెండో వరుస మీద కొట్టు," అన్నాడు గుమెర్సిందో.

"అక్కడేముందక్కా?"

చదివాను. "దేవుని కృపచేతను, రాజ్యాంగము చేతను, స్పెయిన్ దేశములకు రాజైన ఫెర్నాందో."

"రాజుగారి పేరు కూడానా!" గుమెర్సిందో తల పట్టుకున్నాడు. "ఆయన పేరు పండుగ నాడు ఆయన పేరు మీదే సుత్తా? నన్ను ఉరి తీయించాలనుకున్నారా మీరంతా?"

"అయ్యా, నేను చెక్కింది ఉందిగా," అన్నాడు కిరీకో. "దాన్ని కొట్టుకోండి. దాంట్లో దేవుడూ లేడు, రాజూ లేడు."

దాన్నే కొట్టారు. బాజాలు మళ్ళీ మోగాయి. "సంకెళ్ళకు జయం" అని ఎవరో రాజభక్తుల నినాదం అరిస్తే అందరూ అందుకున్నారు. నాలుగు దెబ్బలకే ముక్కలైంది. మెత్తటి రాయి వాడానని కిరీకో తర్వాత చెప్పాడు.

కాని అసలు పలక అలాగే నిలబడి ఉంది. గుమెర్సిందో, దోన్ లౌరియానో, బ్రౌలియో ముగ్గురూ దాని ముందు తలలు దగ్గర పెట్టుకున్నారు. దేవుడి పేరు ముట్టుకోకూడదు. రాజుగారి పేరు ముట్టుకోకూడదు. కింది వరుస చెక్కేయొచ్చు, పేచీ లేదు. రెండో వరుసలో, దేవుడికీ రాజుకీ మధ్యన ఉన్న ముక్క ఒక్కటే దోషి అని చివరికి తేల్చారు.

"చెక్కేస్తాను," అన్నాడు కిరీకో. "కాని ఏది ఏదో నాకేం తెలుసు? ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా?"

ముగ్గురూ నా వైపు చూశారు. గుమెర్సిందోకి, దోన్ లౌరియానోకి చదువు వచ్చు. అయినా నా వైపే చూశారు.

వంగి వేలు పెట్టాను. "ఇక్కణ్ణుంచి," అన్నాను. "ఇక్కడి దాకా."

కిరీకో మొహం చూడలేదు. ఉలి చప్పుడు విన్నాను.


జూన్ 2

ఊరి పెద్దలు తీర్పు చెప్పారు. గుడికి, బావికి తప్ప నేను ఇల్లు కదలకూడదు. ఎన్నాళ్ళో చెప్పలేదు. పలక మీద నుంచి తీసేసిన ఆ ముక్కని ఎవరికీ చెప్పనని, ఎవరడిగినా చదివి వినిపించనని సువార్త గ్రంథం మీద చెయ్యి వేయించారు. వేశాను. నోటితో చెప్పనని వేశాను. రాయడం గురించి అడగలేదు, అయినా ఇకమీద ఇక్కడ కూడా రాయను.

దోన్ లౌరియానో సాక్ష్యం సోమవారం టపాలో వెళ్ళింది. "మొదటి వరుస నేను కళ్ళారా చూశాను" అని రాశారట. నాకు చీటీ ఇచ్చారు. "కొత్తగా చెప్పడానికి ఇంకేముంది, చౌకులో అంతా చెప్పారుగా" అన్నారు.

పలకని గుడి గోడకే మళ్ళీ పెట్టారు. దేవుడి పేరు, రాజుగారి పేరు ఉన్న రాయిని ఇంకెక్కడ పెడతారు?


ఆగస్టు 15. మరియమాత మోక్షారోపణ పండుగ

తమ్ముణ్ణి వదిలారు. సముద్రం దాటించలేదు. దేవుడికి వెయ్యి వందనాలు.

ఇక్కడికి మాత్రం రానివ్వరు. కొండ మీద ఇరవై గడపల పల్లె ఇచ్చారు. అతను కిందికి దిగకూడదు, నేను ఇల్లు కదలకూడదు. అక్కడ గుడి కప్పు బాగుచెయ్యడానికి కిరీకో వెళ్ళి వచ్చాడు. తమ్ముడు చిక్కిపోయాడట. ఆయాసం తగ్గిందట. "అక్క నా మీద కోపంగా ఉందా?" అని అడిగాడట.

"నువ్వేమన్నావు?"

"మీ కోపం ఎవరికి వినబడుతుంది, దోన్యా, అన్నాను."

రెండు రొట్టెలు చేసి పంపాను. చెక్కబల్ల మీద కలిపిన పిండి. అంత మెత్తగా రాలేదు. పొద్దున దోన్ లౌరియానో కూడా ఏమీ అనకుండా తిన్నారు.


సెప్టెంబరు 12

పూజ నుంచి వస్తుంటే కసీల్దా గోడ దగ్గర నన్ను ఆపింది. చదువు వచ్చినవాళ్ళు ఇప్పుడు ఆ పలక వైపు తలెత్తరు. చదువు రానివాళ్ళే ఆగి చూస్తారు. అక్షరాలు వాళ్ళకి గీతలు, అందుకని గుంటనే తడుముతారు. పోతూ వస్తూ ఇంతమంది వేళ్ళు పెట్టారు, గుంట నున్నగా మెరుస్తోంది. మిగతా రాయంతా గరుకు.

కసీల్దా వేలు అందులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. "బాసిలిసా, ఇక్కడేముండేదే? దేవుడి తర్వాత, రాజుకి ముందు?"

"చెప్పకూడదు. ఒట్టు వేశాను."

"నాకు కూడానా?"

"ఎవరికీ."

కసీల్దా గుంట వైపు చూసింది. నా వైపు చూసింది. పళ్ళు లేని నోటితో మెల్లగా నవ్వింది.

"అయితే ఉండేదన్నమాట," అంది.